ఇరవై తొమ్మిది అంశాలూ ఒక మోకాలూ

2019 జులై 26న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల నోటిఫికేషన్ వచ్చింది. 1.26 లక్షల పైచిలుకు ఉద్యోగాలు. పరీక్షలు సెప్టెంబరు 1 నుంచి. చేతిలో ఉన్నది గట్టిగా అయిదు వారాలు.

నర్సీపట్నంలో ఆ శ్రావణమాసం ఎలా గడిచిందో చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మీసేవ దగ్గర సర్టిఫికెట్ల కోసం క్యూలు, జిరాక్స్ షాపుల ముందు గుంపులు, పాత మెటీరియల్ కోసం ఒకరింటికొకరు తిరగడాలు. డిగ్రీ అయ్యి ఇంట్లో ఉన్నవాళ్ళూ, బీటెక్ చేసి బట్టల కొట్లో బిల్లులు రాస్తున్నవాళ్ళూ, పురిటికి పుట్టింటికొచ్చి అక్కడే ఉండిపోయినవాళ్ళూ అందరం ఒక్కసారే పుస్తకాలు దులిపాం. రాష్ట్రం మొత్తమ్మీద దరఖాస్తులు 21 లక్షలు దాటాయి.

మాది గొలుగొండ మండలంలో ఒక ఊరు. చదువు కోసం నర్సీపట్నంలో మా పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. పిన్ని నా చేత ఏ పనీ చేయించేది కాదు. "నువ్వు సదువుకో అమ్మా, అన్నీ నాను సూసుకుంతాను" అనేది. మనసులోంచి వచ్చిన మాటే అది. కానీ కుక్కరు మూడో కూత వేస్తే కట్టేసేవాళ్ళు ఎవరో ఒకరు కావాలి. వీధి తలుపు కొడితే తీసేవాళ్ళు కావాలి. ఆవిడ పెరట్లో బట్టలారేస్తూ ఉంటే లేవాల్సింది నేనే. ఆడపిల్ల ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చుంటే అది ఖాళీగా కూర్చున్న కిందే లెక్క. ఎవరూ అలా అనరు, లెక్క మాత్రం అంతే. అందుకని అబీద్ సెంటర్‌కి కాస్త ఎడంగా ఒక మేడ మీదున్న రీడింగ్ రూములో నెలకింతని కట్టి చేరాను.

పొడుగ్గా రెండు బల్లలు, వాటికి ఇటూ అటూ ఎదురెదురుగా ప్లాస్టిక్ కుర్చీలు, పైన ఫ్యాన్లు, గోడ మీద ఆంధ్రప్రదేశ్ పటం. రోడ్డు వైపు కిటికీ తెరిస్తే జీపుల వాళ్ళ కేకలు: "కేడీపేట, కేడీపేట, కేడీపేట!" చింతపల్లి ఘాట్ ఎక్కబోయే లారీల హారన్లు. వాన పడితే పక్కింటి రేకుల మీద చెవులు దిమ్మెత్తే మోత. వీటిలో ఏ ఒక్కటీ నా చదువుని ముట్టుకోలేదు. మొదటి పూట కాస్త చిరాకు పెట్టాయి, తర్వాత అవి ఉన్నాయన్న సంగతే మర్చిపోయాను.

ముట్టుకున్నది ఒక మోకాలు.

కానిస్టేబుల్ పరీక్షకీ దీనికీ కలిపి చదువుతున్న పొడుగాటి అబ్బాయి ఒకతను రోజూ నా ఎదురుగా కూర్చునేవాడు. బుద్ధిమంతుడు. తల ఎత్తేవాడు కాదు, ఫోను తీసేవాడు కాదు. చదువులో మునిగిన కొద్దీ కుడికాలు మడమ పైకెత్తి ఊపడం మొదలుపెట్టేవాడు. బల్ల కిందుగా కాబట్టి నాకు కనిపించేది మోకాలి చివర మాత్రమే. కానీ దాని అదురు బల్లలోంచి పాకి నా నీళ్ళ సీసాలోకి వచ్చేది. సీసాలో నీళ్ళు అంచు నుంచి మధ్యకి సన్నగా వలయాలు కట్టేవి. కాలు ఆగితే ఆగేవి. మళ్ళీ మొదలయ్యేవి.

ఆ రోజుల్లో నేను పదకొండో షెడ్యూలు కంఠతా పడుతున్నాను. పంచాయతీలకి అప్పగించిన 29 అంశాలు. 73వ సవరణ 1992లో, అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. ఆ అంశాలు వరస తప్పకుండా రావాలని నా పట్టుదల. వ్యవసాయం, భూమి అభివృద్ధి, చిన్ననీటి పారుదల, పశుపోషణ, చేపల పెంపకం, సామాజిక అడవులు... ఏడోది చిన్నతరహా అటవీ ఉత్పత్తులు. అక్కడికి వచ్చేసరికి నా కళ్ళు కాగితం మీద ఉండేవి, ధ్యాస సీసా మీదకి పోయేది. ఎప్పుడు ఆగుతుందా అని ఒక చూపు, ఆగాక మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని ఇంకో చూపు. ఊపుతున్నప్పటి కంటే ఆపినప్పుడే ఎక్కువ కష్టంగా ఉండేది. మళ్ళీ వ్యవసాయం, భూమి అభివృద్ధి, చిన్ననీటి పారుదల. ఏడు దాటి ఎనిమిదిలో పడడానికి కొన్ని పూటలు పూర్తిగా పోయాయి.

మోకాలు ఒక్కటేనా! ఒకావిడ పేజీ తిప్పాలంటే వేలు నాలిక్కి తగిలించాల్సిందే. ఒకతను పెన్ను మీట నొక్కుతూ వదుల్తూ ఆలోచించేవాడు. ఒకరికి అస్తమానూ జలుబు, జేబులో రుమాలుండి కూడా ఎగబీల్చడమే. ఒక కుర్రాడు గంటకోసారి వేళ్ళ మెటికలు విరిచేవాడు, పదో మెటిక విరిగేదాకా గది మొత్తం ఊపిరి బిగబట్టేది. మధ్యాహ్నం మూడింటప్పుడు ఎవరో ఒకరు వేరుశనగ పొట్లం విప్పేవారు. ఆ కాగితం చప్పుడు నాకు బాధ కాదు. నమలడం బాధ.

శ్రావణమాసం కదా, నా పక్క కుర్చీలో ఉన్న అక్క చేతినిండా గాజులు. ఆవిడకి పెళ్ళై ఏడాది. ఆగస్టు 9న వరలక్ష్మీ వ్రతం. ఆ మర్నాడు మోచేతిదాకా కొత్త మట్టిగాజులతో వచ్చింది. వాక్యం కింద గీత గీస్తే గలగల, గీత ఆగితే నిశ్శబ్దం. ముఖ్యమైన వాక్యాలు ఎక్కడున్నాయో ఆవిడ గాజుల్ని బట్టి నాకు తెలిసిపోయేది. పైకి అనలేను. వ్రతం గాజులు తియ్యమని ఏ నోటితో అంటాం?

అందరికంటే ఎక్కువ అడ్డం పడినవాడు మాత్రం ఇంకొకడు. గూడెం కొత్తవీధి మండలంలో సీలేరు వైపు నుంచి వచ్చిన గిరిజన కుర్రాడు. ఊళ్ళోనే గదిలో ఉండి చదువుకునేవాడు. పుస్తకం తెలుగే, కానీ గుర్తు పెట్టుకోవాల్సినవి ఇంట్లో మాట్లాడుకునే ఒడియాలో పెదాల మీదే గొణుక్కునేవాడు. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. రాని భాష కాబట్టి గాలి చప్పుడులా పోవాలి కదా అనుకున్నాను. పోలేదు. తెలుగులో గొణిగే వాళ్ళ మాట ఎంత అడ్డం వచ్చేదో అతని మాటా అంతే అడ్డం వచ్చేది. నా ఇరవై తొమ్మిది అంశాల వరసలోకి అతని అంకెలు దూరిపోయేవి.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదని ఉద్యోగంలో చేరాక తీరిగ్గా చదివితే తెలిసింది. 1976లోనే కాలీ, వెల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే చూశారు. జర్మన్ రాని ఇంగ్లీషు వాళ్ళకి వెనక జర్మన్ వినిపిస్తూ అక్షరాలు వరసగా గుర్తు పెట్టుకోమంటే తప్పులు పెరిగాయి. అర్థం తెలియకపోయినా సరే, పట్టించుకోవద్దని ముందే చెప్పినా సరే, మాట మనసులోకి దూరుతుంది. తర్వాత వచ్చిన పరిశోధనలు ఇంకో సంగతి తేల్చాయి. ఒకే తీరుగా సాగే చప్పుడు పెద్దగా చెరపదు, క్షణానికోలా మారేదే చెరుపుతుంది. చెడేది కూడా ముఖ్యంగా వరస. ఫ్యాన్ హోరుకి నేను లొంగకపోవడానికీ, గొణుగుడికి లొంగిపోవడానికీ కారణం అదే. మేమందరం చేస్తున్నదేమో వరసలు బట్టీ పట్టడమే! సవరణలు, సంవత్సరాలు, పథకాలు, అధికరణలు. ఏ పనికి మాట శత్రువో సరిగ్గా ఆ పనే పదుల మంది ఒకే గదిలో పెదాలు కదుపుతూ చేస్తున్నాం.

నమిలే చప్పుడుకీ, ఎగబీల్చడానికీ ఒళ్ళు మండడానికి మిసోఫోనియా అని 2001లో జాస్ట్రెబాఫ్ దంపతులు పేరు పెట్టారు. మోకాలి సంగతి దానికంటే ఆలస్యంగా బయటికొచ్చింది. పక్కవాళ్ళ కదలికలు చూస్తే కలిగే ఈ ఇబ్బందిని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో పరిశీలించారు. నాలుగు వేల పైచిలుకు మందిని అడిగితే దాదాపు మూడో వంతు మంది తమకీ ఉందన్నారు. ఆ వ్యాసం చదువుతుంటే నాకు నీళ్ళ సీసా కళ్ళముందు ఆడింది. మా గదిలో ముప్ఫై మంది ఉంటే పది మంది నాలాగే పళ్ళు బిగబట్టుకుని ఉండేవారన్నమాట. ఒకరికొకరం చెప్పుకోలేదు.

చెప్పింది గాజుల అక్కే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. ఆ ఉక్కలో మిగిలిన చప్పుళ్ళన్నీ ఒక్కసారి పైకి తేలాయి. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, నవ్వుతూనే, ఎదురుగా ఉన్నతనితో అంది:

"తమ్ముడూ, నీ కాలు కాస్త ఆపరాదేటి? బల్ల ఊగిపోతంది."

అతను ఉలిక్కిపడ్డాడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని దానివంక చూసుకున్నాడు. "ఓలమ్మో! నాకు తెలీనేలేదక్కా. ఇంతకాలం సెప్పలేదేటి?"

"మరి నా గాజులో?"

అతను కాసేపు తటపటాయించి, "అవీ ఉన్నాయిలే అక్కా" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరి చిట్టా వాళ్ళు విప్పారు. మెటికలు, మీట, నాలిక తడి. నేను పెదాలతో కాక గొంతులోంచి సన్నగా 'ఊఁ ఊఁ' అంటూ చదువుతానని అప్పుడు తెలిసింది. సీలేరు కుర్రాడు తలొంచుకుని, "నాను బైటికెల్లి సదువుకుంతానండి" అన్నాడు. ఆ మాట నాకు బాగా నాటుకుంది. తక్కిన అందరివీ అలవాట్లే. అతను మాత్రం పరాయి భాషలో పుస్తకం చదివి, దాన్ని తన భాషలోకి మార్చుకుని, మళ్ళీ పరీక్షలో తెలుగులో గుర్తుపట్టాలి. మాకంటే రెండింతల పని. గొణగకుండా అది ఎలా అవుతుంది?

గాజుల అక్క ఒప్పుకోలేదు. "నువ్వొక్కడివే ఎల్డవేటి? గొనిగీవోలందరం ఎల్దాం" అంది. మెట్ల పైన రేకుల వసారా ఒకటి ఉంటే, పైకి చదివే పని ఉన్నప్పుడు అక్కడికి, మౌనంగా చదివేటప్పుడు గదిలోకి అని మాట అనుకున్నాం. కానిస్టేబుల్ అబ్బాయి బల్లకి తగలకుండా కుర్చీ వెనక్కి జరుపుకుని ఒళ్ళో అట్ట పెట్టుకున్నాడు. అక్క గదిలోకి రాగానే గాజుల్ని మోచేతివైపు తోసి రుమాలు కట్టేసుకునేది. మిగిలింది కుర్చీల సంగతి. ఒక బల్ల గోడకి ఆనిస్తే ఎవరికీ ఎవరూ ఎదురు ఉండరు కదా అని గది నడిపే ఆయన్ని అడిగాం.

"అలా పెడితే సగం కుర్చీలు పోతాయమ్మా, నాకు గిట్టుబాటు ఎలాగ?" అన్నాడాయన. అద్దె కట్టేవాడి బాధ అది, అబద్ధం కాదు. ఆఖరికి ఒక బల్ల గోడవైపు తిప్పడానికి ఒప్పుకున్నాడు. ఆ కుర్చీలకి మర్నాటి నుంచే పోటీ మొదలైంది. గోడవైపు కూర్చున్న మొదటి పూటే నాకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులు దాటి, ఖాదీ, గృహనిర్మాణం, తాగునీరు దాటి, ఆగకుండా 29 దాకా వచ్చేసింది.

ఆ జాబితాలో ఇరవయ్యోది గ్రంథాలయాలు. అది బట్టీ పట్టినప్పుడు నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. పంచాయతీ చూసుకోవాల్సిన పని అని రాజ్యాంగంలో రాసుకున్నాం. పట్టణాలకి వర్తించే పన్నెండో షెడ్యూలులో 18 అంశాలుంటే గ్రంథాలయం అన్న మాట విడిగా కూడా లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివాళ్ళు ఊరూరా తిరిగిన నేల ఇది. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసుకుని పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలవ వెంట నడిపిన నేల. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. ఆ తరం వాళ్ళు పుస్తకం దొరకనివాడి గురించి ఆలోచించారు. ఈ తరం కష్టం వేరు. పుస్తకం ఫోన్లోనే ఉంది, కూర్చునే చోటు లేదు. పేపరు చదువుకుని అరగంటలో లేచిపోయే మనిషికి సరిపోయే బల్ల, పొద్దున్నించి రాత్రి దాకా కూర్చునే మనిషికి సరిపోదు. అతనికి గోడ కావాలి, పక్కవాడికీ తనకీ మధ్య ఒక అట్ట అడ్డం కావాలి, గొణుక్కోడానికి వేరే వసారా కావాలి. ఇవి ఖర్చు పనులు కావు. అయినా డబ్బు కట్టి కొనుక్కోవాల్సి వస్తోంది, కట్టలేనివాళ్ళు కుక్కరు కూతల మధ్య చదువుతున్నారు.

పరీక్ష మర్నాడే వినాయక చవితి. ఆగస్టు 31 రాత్రి పిన్ని వాళ్ళ వీధి చివర పందిరి కడుతూ పొద్దుపోయేదాకా మైకు టెస్టింగ్ చేశారు. నేను హాయిగా నిద్రపోయాను. సెప్టెంబరు 1 ఆదివారం, ఉదయం పూట పేపరు. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పుకి పావు మార్కు కోత. నా ముందు బెంచీలో ఒకాయన మొదటి నిమిషం నుంచి చివరిదాకా కాలు ఊపుతూనే ఉన్నాడు. చూశాను, అంతే. ప్రశ్నకి ఒక్క నిమిషం ఉన్నచోట మనసుకి పక్కకి పోయే ఖాళీ దొరకదు. పక్కవాళ్ళ అలవాట్లు కాటేసేది బట్టీ పట్టేటప్పుడే, అదే మాట పదోసారి తిరగేస్తూ మనసు విసిగిపోయిన వేళే.

సెప్టెంబరు 19న ఫలితాలొచ్చాయి. నాకు వచ్చింది. సీలేరు కుర్రాడికీ వచ్చింది, స్వీట్ల పొట్లం పట్టుకుని అందరికీ పంచాడు. కానిస్టేబుల్ అబ్బాయికి రాలేదు, గాజుల అక్కకి కొద్దిలో పోయింది. రెండో విడత పరీక్ష 2020 సెప్టెంబరులో పడింది. అప్పటికి కరోనా, మా గది మూతపడింది, ఆవిడకి అయిదు నెలల పాప. ఫోను చేస్తే చాలాసేపు మాట్లాడింది.

"ఆ గదే నయం సెల్లీ. ఆ కాలూ, ఆ పెన్నూ, ఆ ముక్కులూ, ఎంత తిట్టుకున్నాం! వాటిల్లో ఒక్కటైనా నన్ను లెగమందేటి? ఇక్కడ ఏది సప్పుడైనా నాకోసమే."

నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. అప్పటిదాకా చప్పుడుని చప్పుడుగానే లెక్కేశాను, ఎంత పెద్దది, ఎంత మారుతోంది అని. ఆవిడ ఇంకో కొలత చెప్పింది. గదిలో చప్పుళ్ళు ఇబ్బంది పెడతాయి, పని పెట్టవు. ఇంట్లో గిన్నె జారితే, పాప కదిలితే, అత్తగారు దగ్గితే, ప్రతిదీ పేరు పెట్టి పిలిచినట్టే. చదువుకునే ఆడవాళ్ళకి కావాల్సింది నిశ్శబ్దం కంటే ముందు, తమని ఎవరూ పిలవని చోటు. ఆవిడ ఆ విడతలో కూడా కొద్దిలో తప్పిపోయింది. ఆ తర్వాత రాయలేదు.

నర్సీపట్నం 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. నేనిప్పుడు సచివాలయంలో కూర్చుని, అర్జీలు పట్టుకొచ్చేవాళ్ళ మధ్య పని చేస్తున్నాను. 2025 ఏప్రిల్ 20న 16,347 టీచరు పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు మా పిన్ని కూతురు పుస్తకాలు తీసింది. ఇంట్లో సాగట్లేదంటే అలాంటి గదిలోనే చేర్పించాను. పైకి చదవాల్సినప్పుడు మెట్ల మీదకి వెళ్ళమన్నాను, ఎవరి కాలైనా ఊగితే మొదటి రోజే చెప్పెయ్యమన్నాను, గోడకి ఎదురుగా కూర్చోమన్నాను. వారం తిరక్కుండానే ఫోను.

"గోడవైపు కుర్చీల్లో పొద్దున్న ఆరింటికే సంచులు పెట్టేస్తన్నారక్కా."

"అయితే అయిదున్నరకే బేగెల్లు" అన్నాను. "సంచి నాను పంపిస్తాను."